ఇరవై ఆరున్నర అంగుళాల సముద్రం

అంగుళాలక్క సముద్రాన్ని టేపు పెట్టి కొలిచింది. ఈ చివర ఒక తిమింగలాన్ని, ఆ చివర ఒక తిమింగలాన్ని టేపు పట్టుకోమని పురమాయించి, మధ్యలో తాను కూర్చుని, నిదానంగా కొలిచింది. కొలిచి, "నడుము దగ్గర రెండంగుళాలు వదులుంది, లోపలికి పట్టించుకో" అని మొహం మీదే చెప్పేసింది. సముద్రం కిక్కురుమనలేదు. కావాలంటే వెళ్ళి ఒడ్డున నిలబడి చూడండి, రోజుకు రెండు పూటలా బుద్ధిగా ఎలా వెనక్కి జరుగుతుందో.

ఆమెకు అసలు పేరు ఒకటి ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. వీధి మొత్తానికీ ఆమె అంగుళాలక్కే. వాన ఎంత పడిందంటే అంగుళాల్లో చెబుతుంది. సరే, పేపరువాళ్ళూ అలాగే చెబుతారు. కానీ ఎదురింటి గొడవ ఎక్కడిదాకా వచ్చిందంటే కూడా "ఇంకో నాలుగంగుళాలు పోతే కొట్టుకుంటారు" అనే మనిషిని ఎక్కడైనా చూశారా? పైగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. నాలుగో అంగుళం దగ్గర చెంబు ఎగిరి వీధిలో పడేది.

మూడంతస్తుల మేడ కింది గదిలో ఆమె కుట్టు దుకాణం. రెండు మిషన్లు, ఒక గుడ్డ కత్తిరించే బల్ల, గోడకు ఇస్త్రీ చేసిన చొక్కాల వరస. పదకొండేళ్ళ కిందట వెన్నెముకకు ఆపరేషన్ జరిగాక కాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. చూడవచ్చిన వాళ్ళంతా గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, ఆమె బల్ల కాళ్ళు ఆరంగుళాలు కోయించి, చక్రాల కుర్చీ కిందికి దూరుతుందో లేదో చూసుకుని, మర్నాటి నుంచి పనిలో దిగింది. "మీరు ఏడవడం అయ్యాక ఆ లైటు కొంచెం ఇటు తిప్పండి" అందట. ఇందులో మాత్రం ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు.

ఇక టేపు సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళ నాటిది. ఒకప్పుడు పసుపురంగు, ఇప్పుడు ముదురు టీ రంగు. కొత్త టేపులు వాడగా వాడగా సాగుతాయని, ఇది మాత్రం ఏనుగులు చెరో వైపు లాగినా సాగదని ఆమెకు గట్టి నమ్మకం. మొదట్లో చివర ఇత్తడి బిళ్ళ ఉండేది. అది ఊడి, పీచులు లేచి, గుడ్డకు పట్టుకుంటుంటే ఒకనాడు విసుగెత్తి కత్తెరతో కచుక్కున కోసి పారేసింది. ఆ టేపు ఎప్పుడూ ఆమె మెడలోనే ఉండాలి. ముట్టుకునే హక్కు ఇంకొకరికి లేదు. కట్టుకున్న మొగుడికీ లేదు. ఆయన బస్సు డ్రైవరు. తెల్లారకముందే డ్యూటీకి పోయేవాడు కాబట్టి ఆ హక్కు కోసం పెద్దగా పోరాడనూ లేదు.

ఆ దుకాణంలో ఎక్కువగా తయారయ్యేవి ఓడల్లో పనిచేసేవాళ్ళ తెల్లచొక్కాలు. సముద్రం ఆ ఊరికి బస్సులో ఆరు గంటల దూరం. అయినా ఓడల కాంట్రాక్టరొకడు తానులు పంపుతాడు, ఆమె కుట్టి మూటలు కట్టి పంపుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ప్రతి చొక్కాకూ కాలరు లోపలివైపు నీలం దారంతో గోరంత ముక్కోణం కుట్టు వేస్తుంది, తన గుర్తుగా. తుఫానొస్తే ఓడలో మనుషులు దేన్నో ఒకదాన్ని పట్టుకునే లోపే ఆమె గుండీలు చొక్కాల్ని పట్టుకుంటాయని చెప్పుకుంటారు. ఆమె చొక్కాలు దిగని రేవు లేదు. చొక్కాలు తిరిగాయి. ఆమె తిరగలేదు.

కాళ్ళు ఇంకా మాట వింటున్న రోజుల్లో, ఓడలో గదులు సర్దే నడివయసు మనిషొకాయన సొంత ఊరికి పోతూ దుకాణంలో దిగాడు. పొట్ట వచ్చింది, చొక్కాలు వదులు చేయాలి. ఆమె కొలుస్తుంటే ఊపిరి బిగబట్టి చెప్పాడు.

"రెండో రోజు మధ్యాహ్నం ఒక గంట వస్తుందక్కా. ఎటు తిరిగినా ఒడ్డుండదు. చుట్టూ గుండ్రంగా నీళ్ళే. అంత నీళ్ళలోనూ మనమొక్కళ్ళమే."

"పొట్ట వదులు," అందామె. "ఊపిరి బిగబడితే కొలత తప్పొస్తుంది."

పొట్ట కొలత పుస్తకంలో రాసుకుంది. ఆయన చెప్పిన మాట ఎక్కడ రాసుకుందో పదిహేడేళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు.

మధ్యలో ఒకసారి సముద్రం చూడ్డానికి వెళ్ళారు. ఆమె కుర్చీ చక్రాలు ఇసుకలో నాలుగంగుళాలు దిగబడి ఇక కదలనన్నాయి. నలుగురు కలిసి వెనక్కి లాగి సిమెంటు గట్టు మీద నిలబెట్టారు. అక్కడి నుంచి జనం తలల సందుల్లో సన్నగా, చీర అంచులా, ఒక నీలం గీత కనపడింది. రెండంగుళాలుంటుందేమో. అందరూ తడిసి, నవ్వుతూ, బట్టలు పిండుకుంటూ తిరిగొచ్చి "బాగుంది కదూ?" అంటే, "అంచు బాగుంది. చీర కనపళ్ళేదు," అంది.

బస్సాయన రిటైరై ఇంటికొచ్చిన రోజున, ముప్పై మూడేళ్ళు ఊళ్ళవాళ్ళనందర్నీ తిప్పానుగా, ఇక నిన్ను తిప్పుతాను, ఎక్కడికి కావాలో అడగమన్నాడు. ఆమె మిషను ఆపలేదు.

"ఓడ మీద."

"ఓడ మీద ఏ ఊరు?"

"ఊరు కాదండీ. ఏ ఊరూ కనపడని చోటికి."

*

ట్రావెల్స్ ఆఫీసు మెయిన్ రోడ్డు మీద ఉంది. అద్దాల తలుపు మీద, ప్రపంచమంతా మీదేనని బంగారు రంగు అక్షరాలు. తలుపుకు ముందు మూడు మెట్లు. అంగుళాలక్క మెట్లకేసి చూసి, "ఒక్కోటి ఏడు. ప్రపంచం ఇరవై ఒక్క అంగుళాల ఎత్తులో ఉందన్నమాట," అంది. లోపలున్న అమ్మాయి సిగ్గుపడి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని, స్టూలు తెచ్చుకుని పేవ్‌మెంటు మీదే కూర్చుంది.

"ఇదిగో మేడమ్, ఈ గదులు వీల్‌చెయిర్ వాళ్ళకే. చూడండి, బొమ్మ కూడా వేశారు."

"బొమ్మ బాగుంది. తలుపెంత?"

"పెద్దదే మేడమ్."

"పెద్దదంటే ఎన్నంగుళాలు పెద్దది?"

అమ్మాయి తెర కిందికీ పైకీ జరిపి చూసింది. ఎక్కడా లేదు. అక్కడి నుంచి మొదలైంది. బాత్రూం గుమ్మానికి గట్టుందా, నేలంతా ఒకే మట్టమా? స్నానానికి కూర్చునే పీట గోడకు బిగించి ఉంటుందా? కుర్చీ గుండ్రంగా తిరగాలంటే ఐదడుగుల చోటు కావాలి, మంచానికీ గోడకీ మధ్య అంత ఉందా? లిఫ్టు నుంచి గదికి ఎంత దూరం, దారిలో తివాచీ మందమా పలచనా? మందమైతే చక్రాలు బురదలో పోయినట్టు పోతాయి.

"మంచం ఎత్తెంత తల్లీ? నా కుర్చీ సీటు పంతొమ్మిది. మంచం ఇరవై ఐదుందనుకో, ఐదు రోజులూ దాని పక్కన కూర్చుని దణ్ణం పెట్టుకోవాలి."

అమ్మాయి నవ్వేసింది. "మంచం ఎత్తు ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు మేడమ్."

"ఎక్కగలిగేవాళ్ళు ఎందుకడుగుతారు?"

"అన్నీ రాసుకో తల్లీ," అన్నాడు బస్సాయన. "లేకపోతే మళ్ళీ మొదట్నుంచీ అడుగుతుంది. నన్ను మొట్టమొదట చూసినప్పుడే నా చొక్కా చేతులు అంగుళం పొట్టని చెప్పిన మనిషి."

"పొట్టివే మరి," అని, ఆమె అమ్మాయి వైపు కొంచెం వంగింది. గొంతు తగ్గించింది. "ఆఖరుది. ఈ కుర్చీలో నా కళ్ళు నేల నుంచి నలభై నాలుగు అంగుళాల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు నుంచి సముద్రం కనపడుతుందా? అది అడుగు."

టకటకా కొడుతున్న అమ్మాయి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తరవాత ఆమె మేడమ్ అనడం మానేసి ఆంటీ అనడం మొదలుపెట్టింది.

తొమ్మిది రోజులకు ఓడవాళ్ళ జవాబొచ్చింది. ఐదు రాత్రుల ప్రయాణం, కుర్చీవాళ్ళకు పనికొచ్చే గదులు మూడు రకాలు. మొదటిది లోపలి గది. ఎంత దొడ్డ గదంటే అంగుళాలక్క ప్రశ్నలన్నిటికీ వంగి సలాం చేసింది. తలుపు ముప్పై రెండు, మంచం ఇరవై, లిఫ్టు పక్కనే. ఒక్కటే లోపం, కిటికీ లేదు. రెండోది కిటికీ గది. ఆ కిటికీ కింది అంచు యాభై అంగుళాల ఎత్తులో ఉంది. ఆమె కళ్ళు నలభై నాలుగు. ఆకాశం మాత్రం కావలసినంత. మూడోది బాల్కనీ గది. లిఫ్టుకు దూరం, తివాచీ మందం, బాత్రూంలో తిరగడానికి చోటు లేక వెనక్కి రావాలి. కానీ బాల్కనీకి గుమ్మం దగ్గర ఏటవాలు పలక వేశారు, పిట్టగోడ బదులు కింది దాకా అద్దం. కూర్చున్న మనిషికి సముద్రం పాదాల దగ్గర్నుంచి కనపడుతుంది. బాల్కనీ అద్దాల తలుపు ఇరవై ఆరున్నర అంగుళాలు.

"ఆ రకం ఒక్కటే మిగిలిందాంటీ," అంది అమ్మాయి. "శనివారం సాయంత్రం ఆరు దాకా మీ పేరు మీద ఆపి ఉంచుతారు. ఈలోగా చెప్పేయండి."

కాగితం మీద గది చూసి ఒప్పుకునే రకం కాదు అంగుళాలక్క. కాగితం మీద ఏ చొక్కా అయినా బాగానే ఉంటుంది. బల్ల మీద పురికొస పరిచి, టేపుతో కొలిచి, గోడ ఇంత, మంచం ఇంత అని ముక్కలు కోసి మొగుడికందించింది. ఆయన వాటిని దుకాణం నేల మీద పరిచి, వెంబడే సుద్దతో గీతలు గీశాడు. మంగళవారం మధ్యాహ్నానికి ఓడ గది అచ్చంగా, అసలు కొలతలతో దుకాణంలో దిగింది. చొక్కా చంకలు బిగుతయ్యాయని వచ్చిన పోస్టుమాన్ రెండడుగులు వేశాడో లేదో కేక పడింది.

"బాత్రూంలోంచి రాకండి! తలుపు అటుంది."

ఆయన చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి, లేని తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

సుద్ద గదిలో ఆమె మంచం పక్కకు వెళ్ళి చూసింది. తిరిగి చూసింది. వెనక్కొచ్చి చూసింది. ఆఖరున బాల్కనీ తలుపు దగ్గరికి వచ్చి గీతల మధ్యలోంచి పోనిచ్చింది. పట్టినట్టే ఉంది, పట్టనట్టూ ఉంది. సుద్ద గీత మందమే అరంగుళం.

"కుర్చీ వెడల్పు చూడాలండీ," అంది. ఊళ్ళో అందరి కొలతలూ తీసిన మనిషికి తాను కూర్చున్న కుర్చీ కొలత తాను తీసుకోవడం కుదరలేదు. పురికొస సాగుతుంది. అరంగుళం తేడా అంటే తలుపు అవతలో ఇవతలో తేలిపోయే విషయం. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి మెడలోంచి టేపు తీసి మొగుడి చేతిలో పెట్టింది. "వెనక, చేత్తో తిప్పే రింగుల దగ్గర. ఈ అంచు నుంచి ఆ అంచుకి."

ఆయన మోకాళ్ళు టపటపలాడించుకుంటూ వెనక చతికిలపడ్డాడు.

"ఇరవై ఏడు."

"సరిగ్గా చూశారా?"

"ముప్పై మూడేళ్ళు బస్సు అద్దంలోంచి వెనకొచ్చే లారీల నంబర్లు చదివినవాణ్ణి. టేపు మీద అంకె చదవలేనా?"

"మళ్ళీ పెట్టండి."

"ఇరవై ఏడే."

తలుపు గీతల మీద చక్రాలు అలాగే ఉన్నాయి.

"ఓడలో సన్న కుర్చీలు ఇస్తారటగా?" అన్నాడు ఆయన.

"అవి వెనకనుంచి ఒకరు తోస్తేనే కదుల్తాయి."

"నేను తోస్తా. లేదంటే ఎత్తుకెళ్ళి బాల్కనీలో కూర్చోబెడతా. ఏం, నా చేతుల్లో బలం లేదా?"

"మూటని తీసుకెళ్ళి చూపిస్తారా సముద్రం?" గొంతు పెరగలేదు. "పదకొండేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఒకరు నెట్టడమో, ఇద్దరు ఎత్తడమో. ఆ ఒక్క తలుపూ నా చేత్తో నేను దాటాలండీ. దాటి, అవతల ఎవరూ లేని చోట ఒక్క గంట కూర్చోవాలి. అద్దం వెనకనుంచి చూడ్డానికైతే ఇంట్లో టీవీ ఉంది."

సాయంత్రం ఆయన తడిగుడ్డతో గీతలు తుడవడానికి వంగాడు. గోడలు తుడిచాడు, మంచం తుడిచాడు. బాల్కనీ దగ్గరికొచ్చేసరికి, "అది ఉండనివ్వండి," అంది. మర్నాటి నుంచి గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ నేలమీది ఆ నాలుగు గీతలకేసి చూసేది. పోస్టుమాన్ మళ్ళీ వస్తే, ఆయనే తెలివిగా బాల్కనీ తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చాడు.

గురువారం ట్రావెల్స్ అమ్మాయికి ఫోను చేసి, లోపలి గది ఖాయం చేయమంది.

"శనివారం దాకా టైముంది కదాంటీ. ఇప్పుడే బాల్కనీ ఎందుకు వదలడం? ఆలోచించుకోండి."

"ఆలోచిస్తే కుర్చీ సన్నబడదమ్మా," అంది గానీ, ఇప్పుడే వదిలేయమని కూడా అనలేదు.

*

శనివారం సాయంత్రం ఐదు కావస్తుండగా మూడో అంతస్తు మరదలు దిగొచ్చింది. బస్సాయన చెల్లెలు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని, అందువల్ల లోకంలో అందరి చూపూ మందమేనని ఆమె అభిప్రాయం. భుజాన కొత్త కర్టెన్ వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"వదినా! ఇన్నేళ్ళలో నిన్ను తిట్టే ఛాన్సు ఇవాళ దొరికింది. కూర్చో, తీరిగ్గా తిడతా."

"కూర్చునే ఉన్నా. కానీయ్."

"అంగుళం పొడుగు! సరిగ్గా అంగుళం. కిటికీ గట్టు దాకా ఉండాల్సింది, గట్టు మీద కుప్పపడి పిల్లిలా పడుకుంది. నీ పేరు మార్చేద్దామా? అడుగులక్క అని పెడతా."

మూడంతస్తులు ఎక్కడం అంగుళాలక్కకు కుదరదు. లిఫ్టు లేదు. అందుకే బుధవారంనాడు ఆ కిటికీ కొలత బస్సాయనే తెచ్చాడు. టేపు ఒకసారి చేతికొచ్చింది కాబట్టి ఆయనకు ధైర్యం పెరిగింది. కొలత యాభై అన్నాడు, ఆమె యాభై కుట్టింది.

"నేను కుట్టింది యాభై. మీ అన్నయ్య చెప్పింది యాభై," అంటూ ఆమె కర్టెన్ బల్ల మీద పరిచి టేపు పెట్టింది. "ఇదిగో, యాభై."

"ఏదీ," అని బస్సాయన వచ్చి, తాను కొలిచినట్టే టేపు చివర గుడ్డ అంచుకు ఆనించి, అవతలి అంచు దగ్గర వంగి చదివాడు. "యాభై ఒకటి. ఇదేంటే, కుట్టాక పెరిగిందా?"

అంగుళాలక్క టేపు చివర వేళ్ళతో పట్టుకుని దీపం కిందికి తెచ్చింది. ఇత్తడి బిళ్ళ ఊడాక, పీచులతో పాటు ఎప్పుడో కోసి పారేసింది మొత్తం ఒక అంగుళాన్ని. ఆ టేపు సున్నా దగ్గర మొదలవదు. ఒకటి దగ్గర మొదలవుతుంది. ఆమె చెయ్యి ఎప్పుడూ ఒకటి మీద నుంచే మొదలుపెట్టి, కన్ను ఒకటి తీసేసి చదువుతుంది. ఎంత అలవాటైపోయిందంటే, తీసేస్తున్నట్టు ఆమెకే గుర్తు లేదు.

"మరి ముందే చెప్పొద్దూ అన్నయ్యకి?" అంది మరదలు.

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ. మంగళవారం నా కుర్చీని కూడా ఇలాగే పెట్టారా? ఈ చివర ఆనించి?"

"ఇలాగే."

"అయితే ఇరవై ఏడు కాదు."

"కాదు," అన్నాడాయన నెమ్మదిగా. "ఇరవై ఆరు."

ఫోను చేస్తే ట్రావెల్స్ లైను ఖాళీ లేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ లేదు. గడియారంలో ఐదూ ఇరవై. బస్సాయన కుర్చీ వెనక నిలబడి, అలవాటు కొద్దీ అటూ ఇటూ చూసి, బండి తీశాడు.

ఆ రోజు మెయిన్ రోడ్డు మీద జరిగినదానికి సాక్షులున్నారు. ముప్పై మూడేళ్ళలో ఒక్కసారీ వేగం మీరని మనిషి రెండు స్కూటర్లనూ ఒక ఆటోనూ దాటాడు. సిగ్నలు దగ్గర ఎర్రలైటు ఆయన్ని చూసి భయపడి దానంతటదే పచ్చబడింది. ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపబోయి, అదే చేత్తో సెల్యూట్ కొట్టాడు. వెనక మరదలు, భుజాన కర్టెన్ జెండాలా ఎగురుతుంటే, "తప్పుకోండి, తప్పుకోండి! ఒక అంగుళం దొరికింది!" అని అరుస్తూ పరుగు. అర్థమైన వాళ్ళు లేరు. తప్పుకోనివాళ్ళూ లేరు.

మూడు మెట్ల కింద ఆగారు. అద్దం లోపల అమ్మాయి ఫోనులో ఎవరితోనో అంటోంది. "బాల్కనీది ఒకటుందండీ, ఆరు దాటితే మీకే ఇస్తా."

"అమ్మాయ్!" అంగుళాలక్క కేకకు అద్దాలు అదిరాయి. "ఇరవై ఆరు!"

అమ్మాయి ఫోను పెట్టేసి మెట్లు దిగొచ్చింది. సంగతి విని నోరు తెరిచింది. "మీ పేరు మీదే ఉందాంటీ ఇంకా. ఖాయం చేసేయనా?"

చేసేయమని అనబోయి అంగుళాలక్క ఆగింది. మొహంలో ఏదో మబ్బు కమ్మింది.

"వాళ్ళు ఆ తలుపుని దేంతో కొలిచారో అడుగు."

"దేంతో అంటే?"

"వాళ్ళ టేపుకి మొదటి అంగుళం ఉందా అని. ఓడలో తలుపులు కొలిచేవాడూ నాలాంటివాడే అయితే? అతని టేపూ కొనలో కత్తిరించిందైతే, అది ఇరవై ఐదున్నర అవుతుంది."

"అంత సంగతి సోమవారం గానీ చెప్పరాంటీ. ఆరింటికి వదిలేయాలి." అమ్మాయి చేతి గడియారం చూసింది. "పదకొండు నిమిషాలుంది."

లోపలి గదైతే అన్నీ సుఖం. బాల్కనీ గదైతే బాత్రూంలోంచి వెనక్కి వెనక్కి రావాలి, మందం తివాచీ మీద చేతులు పడిపోయేలా చక్రాలు తిప్పాలి. అంతా చేసి ఆ తలుపు దగ్గర ఆగిపోతే, ఐదు రోజులు అద్దం వెనక కూర్చుని, అరచేయంత దూరంలో ఉన్నదాన్ని చూస్తూ ఉండాలి. గట్టు మీద కూర్చున్న ఆ రోజులాగే. బస్సాయన నోరు తెరవలేదు. మరదలు కూడా తెరవలేదు. అది వింతల్లో వింత.

"ముప్పై ఏళ్ళుగా జనం నా టేపుని నమ్మి గుడ్డ ఇచ్చారు," అంది అంగుళాలక్క చివరికి. "నా టేపు సంగతి ఇది. అయినా నమ్మారు. నేనూ ఒకసారి ఎవరి టేపునో నమ్మి చూస్తా. రాయి తల్లీ, బాల్కనీది."

*

ఓడ ఎక్కిన రోజు బాల్కనీ తలుపుకు తెర వేసి ఉంది. ఆమె తియ్యనివ్వలేదు.

"చూద్దామా? కొత్త టేపు తెచ్చాను," అన్నాడు ఆయన. మరదలు బలవంతాన సంచిలో పెట్టిన టేపు అది, ఇత్తడి బిళ్ళ తళతళలాడుతోంది.

"వద్దు. ఈ పూటకి ఉండనీయండి."

పట్టకపోతే పట్టదని ఎలాగూ తెలుస్తుంది. తెలిసే దాకా అది పట్టే తలుపే. ఆ పూటంతా ఆమె తెరకేసి చూస్తూ కూర్చుంది. తెర వెనక ఏదో ఊపిరి తీసినట్టు, వదిలినట్టు చప్పుడు.

రెండో రోజు మధ్యాహ్నం గది సర్దడానికి ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా. దుప్పటి మడుస్తూ వంగినప్పుడు కాలరు మడత లోపల నీలం ముక్కోణం కనపడింది. అంగుళాలక్క ఆ సంగతి ఎత్తలేదు.

"రెండో గుండీ ఊగుతోంది, ఇలా రా బాబూ," అని సంచిలోంచి సూదీ దారం తీసి, ఆయన వద్దంటున్నా వినకుండా బిగించి కుట్టి, దారం కొరికింది.

ఆయన చొక్కా తడుముకుని మొహమాటంగా నవ్వాడు. "బాల్కనీలోకి వెళ్ళలేదామ్మా? ఈ గంట పోతే మళ్ళీ ఉండదు. ఇప్పుడు ఏ వైపూ ఒడ్డు కనపడదు."

ఆయన వెళ్ళాక, "తెర తీయండి," అంది. బస్సాయన తీశాడు, తలుపు కూడా పక్కకు జరిపాడు. ఉప్పుగాలి లోపలికొచ్చి ఆమె మెడలోని పాత టేపును లేపింది. చక్రాలు తిప్పుకుంటూ ఏటవాలు పలక ఎక్కింది. రింగుల మీద వేళ్ళుంటే తలుపులో పట్టవు. అందుకని చేతులు తీసి రెండు వైపులా తలుపు చట్రాన్ని పట్టుకుంది. బస్సాయన చేతులు వెనక హ్యాండిళ్ళ మీద పడ్డాయి.

"తీయండి చెయ్యి."

తీశాడు.

లాగింది. ముందు చక్రాలు దాటాయి. పెద్ద చక్రాలు వచ్చేసరికి కీచుమని చప్పుడు. చట్రానికి రెండు వైపులా గాలి రాకుండా వేసిన రబ్బరు పట్టీలు. వాటి మాట ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు. కుర్చీ తలుపు మధ్యలో ఇరుక్కుని ఆగిపోయింది. వెనకాల ఆయన ఊపిరి వినపడుతోంది. ఎదురుగా చూడలేదామె, చేతులకేసే చూసుకుంది. ముప్పై ఏళ్ళు కత్తెర తిప్పిన చేతులు. పట్టు ఒక బెత్తెడు ముందుకు మార్చుకుని, ఎడమ భుజం దించి, కుడి భుజం దించి, ఇంకోసారి లాగింది. రబ్బరు మూలిగింది. కుర్చీ అవతల పడింది.

అప్పుడు తలెత్తింది.

అంచు లేదు. జనం తలలు లేవు, గట్టు లేదు, ఇసుక లేదు. ఎడమ నుంచి కుడికి నీళ్ళు తప్ప ఏమీ లేవు, ఆ నీళ్ళ చివర ఆకాశం ఎక్కడ కుట్టారో కుట్టు కనపడలేదు. ఏ వస్తువును చూసినా ముందు దాని కొన వెతికే కన్ను ఆమెది. టేపు ఎక్కడ ఆనించాలో ఆ కంటికి తెలియలేదు. ఇటు చూసింది, అటు చూసింది. మెడలో టేపు రెండు కొనలూ గాలికి ఊగుతుంటే వాటిని అలాగే వదిలేసింది. పదిహేడేళ్ళు దాచుకున్న గంట ఎదురుగా ఉంది, ఉంటూనే పోతోంది. అది పోతోందని కూడా ఆమెకు తెలుసు. అందుకే కళ్ళార్పడం మానేసింది.

బస్సాయన తలుపు లోపలే నిలబడ్డాడు. చాలాసేపటికి, "ఎలా ఉంది?" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

గంట దాటాక దూరంగా ఒక నల్లటి చుక్క, ఏదో దీవి, తేలింది. అప్పుడు చెయ్యి వెనక్కి చాపింది. "ఆ కొత్త టేపు ఇలా ఇవ్వండి."

తిరిగొచ్చి నెల కాకముందే వీధిలో కథ వీధంతైంది. సగం మరదలు పెంచింది, మిగతా సగం పోస్టుమాన్ ఇంటింటికీ పంచాడు. తిమింగలాలు వచ్చాయి, సముద్రం నడుము లోపలికి పట్టించుకుంది, కెప్టెను దిగొచ్చి తన ఓడను కూడా కొలవమన్నాడు, ఓడ ఎడమవైపు పావంగుళం వంకరని తేలింది. దుకాణంలో తెల్లచొక్కాల మూట మళ్ళీ వచ్చింది. నేల మీద బాల్కనీ సుద్ద గీతలు ఇంకా ఉన్నాయి, సగం చెరిగాయి. తుడవమని ఆమె అనలేదు. ఎవరూ తుడవలేదు. కథంతా విన్న కొత్త ఖాతాదారొకావిడ బల్ల దగ్గర నిలబడి, నిజమేనా అక్కా, సముద్రాన్ని కొలిచావటగా అని అడిగితే, అంగుళాలక్క కాలరు మడత లోపల నీలం దారం ముడి వేసి, కొరికి, తలెత్తకుండా చెప్పింది.

"తిమింగలాల్లేవు. సముద్రాన్ని ఎవరూ కొలవలేదు. తలుపు కొలిచాను. ఇరవై ఆరున్నర, రబ్బరు పట్టీలు పోతే ఇరవై ఆరు. కుర్చీ ఇరవై ఆరు. పట్టింది."